డ్యామ్ కింద చలికాలం

నవంబర్ 25, రాత్రి

రేపటి షెడ్యూలు వచ్చింది. బీవర్ డ్యామ్‌కి పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా 112 మెగావాట్లు, ఆ తర్వాత సాయంత్రం అయిదు వరకు సున్నా. అంటే నీళ్ళు తగ్గాక, పదకొండుకి నదిలో దిగొచ్చు.

ఇక్కడ గాలం వేసేవాళ్ళు మబ్బు వంక చూసేది తర్వాత, మెగావాట్లు చూసేది ముందు. టల్సాలో సౌత్‌వెస్టర్న్ పవర్ అడ్మినిస్ట్రేషన్ అని ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. ఈ చుట్టుపక్కల ఏ డ్యామ్‌లో ఏ గంటకి ఎంత కరెంటు తీస్తారో ముందురోజే పట్టిక వేస్తుంది. బీవర్‌లో టర్బైన్లు రెండే, ఒక్కోటి 56 మెగావాట్లు. 112 అంటే రెండూ తిరుగుతున్నాయి, గట్టు మీదే కూర్చో. 56 అంటే ఒకటి, నీకూ నదికీ ఉన్న పరిచయాన్ని బట్టి చూసుకో. సున్నా అంటే రా. పట్టిక అడుగున 'మారవచ్చు' అని కూడా ఉంటుంది. పాతకాపులు పట్టిక కంటే ఆ మాటనే ఎక్కువ నమ్ముతారు.

నవంబర్ 26

బెంటన్‌విల్ నుంచి డ్యామ్ గంట దూరం కూడా లేదు. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి వాల్‌మార్ట్ వల్ల ఈ ఊరు తెలుసు. బీవర్ చెరువు మాత్రం మా వంటింటి కుళాయి వల్ల తెలియాలి, మేం తాగేది ఆ నీళ్ళే. వైట్ నది మీద పెద్ద డ్యామ్‌ల వరసలో ఎగువన ఉన్నది ఇదే, 1966లో పూర్తయింది. దిగువన టేబుల్ రాక్, ఆ కింద బుల్ షోల్స్.

చెరువు అడుగు నుంచి నీళ్ళు తీస్తారు కాబట్టి ఎండాకాలంలో కూడా కాళ్ళు జిల్లుమంటాయి. డ్యామ్‌లు రాకముందు ఇది గోరువెచ్చని కొండ నది. స్మాల్‌మౌత్ బాస్, క్యాట్‌ఫిష్ ఉండేవట. చల్లటి నీళ్ళు పడేసరికి అవి నిలవలేకపోయాయి. ఉన్న చేపని పోగొట్టినందుకు పరిహారంగా ప్రభుత్వం లేని చేపని తెచ్చిపెట్టింది. రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ తీరపుది, బ్రౌన్ ట్రౌట్ యూరప్‌ది. ఈ రాష్ట్రంలో పుట్టిన ట్రౌట్ జాతే లేదు. నార్‌ఫోర్క్ డ్యామ్ కింద 1957 నుంచి ఫెడరల్ హేచరీ నడుస్తోంది. దానికీ డ్యామ్ నీళ్ళే, అందులో పెరిగిన పిల్లల్ని తెచ్చి మళ్ళీ డ్యామ్ నీళ్ళలోనే వదులుతారు. నాకూ ఇది సొంత ఊరేం కాదు కాబట్టి ట్రౌట్ మీద పెద్దగా ఫిర్యాదు లేదు.

ఇవాళ మూడు రెయిన్‌బోలు, మూడూ వదిలేశాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "కార్తీకమాసంలో ఈ పాపం ఏమిటండీ" అంది. తినడం లేదు కదా, పట్టి వదిలేస్తున్నాను కదా అన్నాను. "తినడానికి పడితే ఒక అర్థం ఉంది. ఊరికే దాని మూతికి ముల్లు గుచ్చి పంపించడం ఇంకా పాపం."

ఈ వాదనకి ఫ్లై ఫిషింగ్ పుస్తకాల్లో జవాబు దొరకలేదు.

డిసెంబర్ 3

రాజమండ్రి నుంచి మా బావ ఫోన్. నదిలో ఎన్ని నీళ్ళున్నాయి బావా అని అడిగాడు. ఊరికే కుశలప్రశ్న కాదు, గోదావరి గట్టున పుట్టినవాడికి అదొక అలవాటు. వరదల్లో ధవళేశ్వరం దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు అన్నది క్రికెట్ స్కోరుకంటే ముందు చదివేవాళ్ళం. అదృష్టం ఏమిటంటే అమెరికావాడు అన్నిటికీ తన కొలతలు పెట్టుకున్నా, నది ప్రవాహానికి మాత్రం సెకనుకి ఘనపుటడుగులే వాడతాడు. అంటే మన క్యూసెక్కే. మార్చి చెప్పాల్సిన పనిలేదు.

బుల్ షోల్స్‌లో ఎనిమిది టర్బైన్లు, ఒక్కోటి మూడు వేల క్యూసెక్కులకి అటూఇటూగా తాగుతుంది. అన్నీ తిప్పితే పాతిక వేల దాకా వెళ్తుంది. "అంతేనా?" అన్నాడు బావ. మనకి అది కాలవ లెక్క. కానీ అన్నీ ఆపితే ఏడెనిమిది వందలే ఉంటుందని, వందల నుంచి వేలకి ఒక్క పూటలో వెళ్తుందని, మళ్ళీ సాయంత్రానికి వందలకి దిగిపోతుందని చెబితే కాసేపు మాట్లాడలేదు. గోదావరికి ఆవేశం ఏడాదికోసారి. దీనికి రోజుకి రెండుసార్లు, పొద్దున్న జనం నిద్రలేచి హీటర్ పెంచినప్పుడూ, సాయంత్రం ఇళ్ళు చేరినప్పుడూ.

ఆ ఏడెనిమిది వందలు కూడా ఊరికే రాలేదు. వెనక టర్బైన్లు ఆపితే డ్యామ్‌లోంచి కారే నీళ్ళే నది. చేపలవాళ్ళు ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా, 2013లో బుల్ షోల్స్ కింద కనీస ప్రవాహం మొదలైంది.

డిసెంబర్ 10

గాలి లేదు. నీటి మీద అక్కడక్కడ చిన్న సుడి, చేప మూతి కూడా కనిపించదు. మిడ్జ్‌లు పైకి లేస్తున్నాయి.

చలికాలంలో ఈ నదిని పోషించేది ఆ పురుగే. చూడ్డానికి దోమ, కుట్టదు. చిన్న ఎర్ర పురుగుగా అడుగు బురదలో ఉండి, కోశం కట్టుకుని మెల్లగా పైకి తేలి, నీటి పైపొర చీల్చుకుని ఎగిరిపోతుంది. ఆ తేలే సమయంలో ట్రౌట్‌కి దొరుకుతుంది. ఏడాది పొడుగునా పుట్టే పురుగు కాబట్టి మిగతావన్నీ మాయమైన డిసెంబర్‌లో కూడా ఇది ఉంటుంది. దాన్ని అనుకరించే ఫ్లైని జీబ్రా మిడ్జ్ అంటారు. ఇరవయ్యో నంబరు ముల్లు మీద నల్ల దారం చుట్టి, దాని మీద వెండి తీగ ఎడంగా నాలుగు చుట్లు తిప్పి, తల దగ్గర ఒక లోహపు పూస. అంతా కలిపి బియ్యపు గింజంత. దానికి కట్టే దారం మందం మిల్లీమీటర్లో ఎనిమిదో వంతు. చేతులు కొంకర్లు పోతున్నప్పుడు ఆ ముల్లు కంట్లోకి ఆ దారం ఎక్కించడమే వేటలో సగం. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ముల్లుని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ఊపిరి బిగపట్టాలి. ఊపిరి వదిలితే ఆవిరికి ఏమీ కనబడదు.

పైన నురగతో చేసిన చిన్న గుండు కడతారు, ఇండికేటర్ అని గౌరవంగా పిలుస్తారు. మా కాలవగట్టున దాన్ని బెండు అనేవాళ్ళం. వానపాముని మింగిన గొరకకి బెండు బుడుంగున మునిగేది. ఇక్కడ అలా కాదు. చల్లటి నీళ్ళలో ట్రౌట్ ఒళ్ళు వంచదు. నోటి ముందుకొస్తే తెరుస్తుంది, నచ్చకపోతే ఉమ్మేస్తుంది. బెండు మునగదు, నీటితో పోతున్నది ఒక్క క్షణం పోవడం మానేస్తుంది. అంతే. ఆ మానేయడాన్ని పట్టుకోవాలి. రాయి తగిలినా అలాగే మానేస్తుంది, కాబట్టి రోజంతా రాళ్ళకి కూడా మర్యాదగా గాలం ఎత్తుతూ ఉండాలి.

నీళ్ళలోంచి ఒక రాయి తీసి తిరగేశాను. నాచులో బూడిదరంగు పురుగులు, పళ్ళెం ఆకారంలో, ఒక్కోటి గోరులో సగం, బోలెడు కాళ్ళు. సౌబగ్. పురుగంటారు గానీ రొయ్యలకి చుట్టమే. మిడ్జ్ కోరని చేప దీన్ని కోరుతుంది.

డిసెంబర్ 16, కాటర్

రెండున్నర గంటలు తూర్పుకి. కాటర్ దగ్గర నది మీద 1930లో కట్టిన కాంక్రీటు కమానుల వంతెన ఉంది. ఊరు తనని తాను ట్రౌట్ రాజధాని అని పిలుచుకుంటుంది. ఇలాంటి బిరుదులు ప్రతి ఊరికీ ఉంటాయి గానీ దీనికి కొంత హక్కుంది.

ఎగువన బుల్ షోల్స్ డ్యామ్ కింద బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం. రెయిన్‌బోలు ఎక్కువగా హేచరీ పిల్లలే, బ్రౌన్‌లు మాత్రం ఈ నదిలో తమంతట తామే పిల్లల్ని కంటాయి. ఆడచేప తోకతో గులకరాళ్ళు ఊడ్చి గుంట చేస్తుంది. చుట్టూ నాచు పట్టిన నేల మధ్య ఆ గుంట తెల్లగా, కడిగినట్టు కనిపిస్తుంది. అందులో కాలు పెట్టకూడదు, దాని మీదున్న చేపకి గాలం వేయకూడదు. రెండోది చట్టంకంటే మర్యాదకి సంబంధించింది. డ్యామ్ కింద స్టేట్ పార్కు దగ్గర నవంబర్ మొదటి నుంచి జనవరి ఆఖరు దాకా పట్టిందాన్ని వదిలేయాలి, ముల్లుకి కొంకి ఉండకూడదు.

అక్కడ ఒక ముసలాయన, రిటైరైన ఎలక్ట్రీషియన్, పడవ కడుగుతున్నాడు. ఎక్కడివాడివన్నాడు. నదిలో దిగుతున్నావా అన్నాడు. నీళ్ళు వదిలేముందు కొట్టే హారన్ వినబడితే వస్తానన్నాను. నవ్వలేదు. హారన్ డ్యామ్ పక్కనున్నవాళ్ళకే, ఇక్కడికి నీళ్ళు గంటల తర్వాత చేరతాయి, అప్పుడు ఎవడూ హారన్ కొట్టడు అన్నాడు. తర్వాత ఒడ్డుకి తీసుకెళ్ళి ఒక రాయి చూపించాడు. సగం నీళ్ళలో, సగం బయట. పొడి భాగం మీద ఒక గీత. "దిగేముందు ఒక రాయిని ఎంచుకో. ప్రతి పది నిమిషాలకీ దాన్ని చూడు. అది చిన్నదైతే నువ్వు బయట ఉండాలి." రాయి చూడ్డం మరిచిపోతే నీటి మీద ఆకులు చూడాలట. ఒడ్డున ఎండిన ఆకులు, పుల్లలు ఉన్నట్టుండి నది నడిమధ్య తేలుతూ వచ్చాయంటే ఎగువన గట్టు తడుస్తోందని. నీటి చప్పుడు కూడా మారుతుంది. అంతవరకు గులకరాళ్ళ మీద గలగలమన్నది మూగపోతుంది, రాళ్ళు మునుగుతాయి కాబట్టి.

నీళ్ళలో దిగడానికి తొడుక్కునే వేడర్ల మీద నడుముకి బెల్టు బిగించుకున్నానా అని కూడా చూశాడు. పడితే నీళ్ళు కాళ్ళలోకి దిగకుండా కాసేపు ఆపేది అదే.

డిసెంబర్ 17

రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రాయి.

2014 జూన్ 8. హైదరాబాద్ నుంచి విహారయాత్రకి వెళ్ళిన ఇంజినీరింగ్ పిల్లలు హిమాచల్‌లో బియాస్ నదిలో ఫోటోలు దిగుతున్నారు. పైన లార్జీ డ్యామ్. సాయంత్రం కరెంటు అవసరం తగ్గిందని ఉత్పత్తి తగ్గించారు, టర్బైన్లకి వెళ్ళాల్సిన నీళ్ళని గేట్లలోంచి వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్ళతో ఉన్న టూర్ మనిషి ఒకరు కొట్టుకుపోయారు. నడినదిలో రాళ్ళ మీద ఒకరినొకరు పట్టుకుని నిలబడిన ఆ దృశ్యం టీవీల్లో రోజుల తరబడి చూపించారు. శవాలు దొరకడానికి వారాలు పట్టింది.

ఇక్కడ కరెంటు కావాలని నీళ్ళు వదులుతారు, అక్కడ కరెంటు వద్దని వదిలారు. కింద నిలబడ్డవాడికి రెండూ ఒకటే. తేడా ఆ పట్టికలో ఉంది. పది నిమిషాలు ఖర్చు పెట్టి రేపు ఏ గంటకి ఎంత అని ఒక కాగితం మీద వేయడం ఏ దేశానికీ బరువు కాదు. మన డ్యామ్‌లకి అలాంటి పట్టిక, రోజూ, గంట గంటకీ, మామూలు జనం చూసుకునేలా ఎందుకుండదో నాకు అర్థం కాదు. హెచ్చరిక బోర్డు వేరు. బోర్డు ఎప్పుడూ అదే మాట చెబుతుంది కాబట్టి ఎవరూ చదవరు.

డిసెంబర్ 30

చేపలకి మళ్ళీ ఓపిక వచ్చింది. శరదృతువంతా డ్యామ్ కింద నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. ఎండాకాలంలో చెరువు పొరలు కడుతుంది, పైన వెచ్చటి నీళ్ళు, కింద చల్లవి, రెండూ కలవవు. అడుగు పొరలో ఉన్న ఆక్సిజన్ నెలల తరబడి ఖర్చవుతూ అక్టోబర్, నవంబర్‌కి అడుగంటుతుంది. టర్బైన్లకి వెళ్ళేది ఆ నీళ్ళే. చలి ముదిరాక పైపొర చల్లబడి బరువెక్కి దిగుతుంది, చెరువు మొత్తం కలగలుస్తుంది. ఇవాళ పట్టిన చేప వదిలిన వెంటనే తోక కొట్టి వెళ్ళిపోయింది. నెల క్రితం దాని తలని ఎదురు ప్రవాహానికి పెట్టి, తేరుకునేదాకా చాలాసేపు చేత్తో పట్టుకోవలసి వచ్చేది.

జనవరి 14, భోగి

సున్నాకి పది డిగ్రీలు కింద. అపార్ట్‌మెంట్లో మంట వేయనివ్వరు కాబట్టి పిల్లలకి క్లబ్‌హౌస్‌లో భోగిపళ్ళు. రేగిపళ్ళకి బదులు క్రాన్‌బెర్రీలు పోశారు ఎవరో. పిల్లలు అడ్డుచెప్పలేదు.

పొద్దున్న మాత్రం డ్యామ్ దాకా కారులో వెళ్ళి చూసొచ్చాను. దిగడానికి కాదు. నీళ్ళు ఏడెనిమిది డిగ్రీలుంటాయి, గాలికంటే ఎంతో వెచ్చన. నది పొడుగునా ఆవిరి మనిషెత్తు లేచి, ఒడ్డు చెట్ల కొమ్మల మీద మంచుగా గడ్డకట్టింది. కొమ్మకి ఒక పక్కే తెలుపు, నదివైపు.

ఇలాంటి రోజు గాలం వేస్తే కర్రకున్న రింగుల్లో నీటి బొట్లు గడ్డకట్టి లైను కదలదు. ప్రతి రెండు విసుర్లకీ కర్రని నీళ్ళలో ముంచి కరిగించుకోవాలి. కొందరు పెదాలకి పూసే చాప్‌స్టిక్ రాస్తారు, కొందరు వంటనూనె స్ప్రే కొడతారు. కొబ్బరినూనె పనికిరాదు, అది సీసాలోనే రాయవుతుంది. చేపని కూడా నీళ్ళలోంచి పైకెత్తకూడదు. ఈ గాలికి మొప్పలు గడ్డకడతాయి. ఫోటో కావాలంటే నీళ్ళలోనే.

జనవరి 16

బుల్ షోల్స్ షెడ్యూలు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా పెద్ద అంకెలే. ఊళ్ళన్నీ హీటర్లు వేసుకుని కూర్చున్నాయి. జలవిద్యుత్తుకి ఉన్న గొప్ప ఇదే. బొగ్గు ప్లాంటుని రాజేయాలంటే గంటలు కావాలి, దీనికి నిమిషాలు చాలు. 2021 ఫిబ్రవరి చలికి సౌత్‌వెస్ట్ పవర్ పూల్ గ్రిడ్‌లో దాని చరిత్రలో మొదటిసారి కోతలు పెట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి చలిగాలి కబురు వస్తే అందరూ కొంచెం ముందే కంగారు పడతారు.

మా ఇంట్లోనూ 72 డిగ్రీల ఫారెన్‌హీట్. మా ఆవిడ రెండు పెంచింది. "నది పెంచావు" అన్నాను. ఆమెకి అర్థమైంది, నవ్వలేదు.

ఫిబ్రవరి 3, బుల్ షోల్స్

ముసలాయన ఫోన్ చేశాడు: తెల్లవి వస్తున్నాయి, రా.

తెల్లవి అంటే షాడ్. థ్రెడ్‌ఫిన్ షాడ్, చెరువులో గుంపులుగా తిరిగే వేలెడు వెండి చేప. చలి ఓర్చుకోలేదు. నీళ్ళు ఏడు డిగ్రీల కిందికి వెళ్తుంటే నీరసిస్తుంది, ఇంకా దిగితే చస్తుంది. చచ్చీచావనివి డ్యామ్ దగ్గరికి చేరి టర్బైన్లలోకి లాగబడతాయి. గట్టి చలి, దాని వెంట ఎక్కువ జనరేషన్, రెండూ కలిసిరావాలి. అన్ని చలికాలాల్లోనూ రావు.

పడవలో వెళ్ళాం. ఇక్కడి పడవ పొడుగ్గా, అడుగు చదునుగా ఉంటుంది. డ్యామ్ కింద నీళ్ళు ఆకుపచ్చగా, దట్టంగా పరిగెడుతున్నాయి. వాటి మీద షాడ్ చేపలు పక్కకి తిరిగి, కొన్ని వణుకుతూ, కొన్ని ముక్కలై తేలుతున్నాయి. పైన సముద్రపు కాకులు వందల్లో, అరుపులకి మాట వినబడదు. చెట్టు మీద నాలుగు బట్టతల గద్దలు, పెద్దమనుషుల్లా, తొందర లేకుండా. కిందనుంచి బ్రౌన్ ట్రౌట్‌లు. డిసెంబర్‌లో పురుగుని కూడా రుచి చూసి ఉమ్మేసిన చేపే ఇవాళ దవడలు తెరిచి మీదికి వస్తోంది. ఒక షాడ్ మా పడవ పక్కనే వెల్లకిలా తేలుతోంది. దాని కింద నీరు పసుపు రంగుకి తిరిగింది, తర్వాత షాడ్ లేదు. చప్పుడు కూడా లేదు.

మిడ్జ్‌లు పెట్టె అడుగుకి పోయాయి. తెల్ల ఈకలతో కట్టిన వేలెడు ఫ్లై, బరువు లేకుండా, చచ్చినట్టు తేలనివ్వాలి. లాగితే తినదు, బతికున్నదని అనుమానం. నాకు పట్టుబడిన బ్రౌన్ ముసలాయన కొలకర్ర మీద 23 అంగుళాలు. పొట్ట గట్టిగా, షాడ్‌లతో నిండి ఉంది. గొంతులో ఒక తోక ఇంకా కనిపిస్తోంది. అప్పటికే అంత తిన్నది నా ఈకల ముద్ద కూడా అడిగింది.

ఫిబ్రవరి 4

బావకి షాడ్ ఫోటోలు పంపించాను. "ఇది పులస పిల్లలా ఉందిరా!" అన్నాడు. తప్పేం కాదు. మన పులస హిల్సా షాడ్, ఇది దానికి దూరపు చుట్టం. పొట్ట కింద రంపపు అంచు కూడా ఉంది.

పులసది ఇంకో కథ. సముద్రంలోంచి వరద నీటికి ఎదురెక్కి వస్తుంది, ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడి నుంచి దానికి దారి లేదు. కాటన్ దొర 1852కి గోదావరి డెల్టాకి నీళ్ళిచ్చాడు, ఇంట్లో ఫోటో పెట్టుకుని దండం పెట్టేవాళ్ళం మేం. పులస అభిప్రాయం ఎవరూ అడగలేదు. అది గోడకి కిందనుంచి వచ్చి ఆగింది, ఇది పైనుంచి వచ్చి ముక్కలైంది. అక్కడ ఆగినదాన్ని మనం వేలు పోసి కొంటాం. ఇక్కడ ముక్కలైనదాన్ని గద్దలు ఊరికే తింటాయి.

బావకి ఇదంతా చెబితే ఒకటే అడిగాడు. "ముళ్ళెక్కువా?"

ఫిబ్రవరి 17

వాన. ఫ్లైలు కట్టుకుంటూ పాత కథలు గుర్తు చేసుకుంటున్నాను. దక్షిణాన లిటిల్ రెడ్ నది మీద గ్రీర్స్ ఫెర్రీ డ్యామ్‌ని 1963 అక్టోబర్ 3న కెన్నెడీ ప్రారంభించాడు. మరో ఏడు వారాలకి డాలస్‌లో హత్య. ఆ డ్యామ్ కింద 1992 మేలో రిప్ కాలిన్స్ అనే ఆయన 40 పౌండ్ల 4 ఔన్సుల బ్రౌన్ ట్రౌట్ పట్టాడు. అప్పటికి అది ప్రపంచ రికార్డు, 2009 దాకా నిలిచింది. గాలానికి ఉన్నది ఔన్సులో ముప్ఫై రెండో వంతు జిగ్, ఫ్లై కాదు. ఫ్లై వేసేవాళ్ళు ఆ మాట దగ్గర గొంతు తగ్గిస్తారు.

మార్చి 2

వానలకి చెరువు నిండుతోంది. ఇక కరెంటు కోసం కాదు, వరదకి చోటు ఖాళీ చేయడానికి రాత్రింబవళ్ళు వదులుతారు. ఈ డ్యామ్‌లు కట్టింది ముందుగా అందుకే. నదిలో నడిచే రోజులు ఈ ఏటికి అయినట్టే. వేడర్లు తిరగేసి బాల్కనీలో ఆరేశాను, పక్కింటి గుజరాతీ పెద్దావిడ మనిషి వేలాడుతున్నాడనుకుని కేకేసింది.

నిన్న మాత్రం మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీ దొరికింది. లైసెన్సుతో పాటు ట్రౌట్ పర్మిట్ కూడా కొన్న మనిషిని, కొలత నిబంధన సరిచూసుకుని, హేచరీ రెయిన్‌బో ఒకటి ఇంటికి తెచ్చాను. కార్తీకం ఎప్పుడో వెళ్ళిపోయింది. మా ఆవిడ చింతపండు నానేసి, మెంతిపిండి వేసి పులుసు పెట్టింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది.

"ముల్లు లేదు. రుచీ లేదు. పులుసుకి దండగ, వేపుడుకైతే పరవాలేదు. ఈసారి రెండు పట్టుకురండి."